సారాంశం మూడువందల మాటలకు మించరాదు

రాత్రి పన్నెండుకి గడువు.
పదింపావుకి కరెంటు పోయి వచ్చింది,
రాసినదాంట్లో సగం పోయి, రాలేదు.
బ్రాడీపేట నాలుగో లైన్లో, ఫర్జానా వాళ్ళ మేడమీద గదిలో
నేను చెబుతుంటే ఆ పిల్ల టైపు కొడుతోంది.
ఫిజియోథెరపీ మూడో ఏడు. బెంగళూరు సదస్సుకి సరిపడా ఇంగ్లీషు
మా ఇద్దరిలో దానికే ఉంది.

"సంస్థ పేరు" అన్నచోట ఎర్ర చుక్క. తప్పనిసరట.
నాకు సంస్థ లేదు.
మిర్చియార్డు వెనక ముఠా కూలీల సంఘం గది ఉంది,
పగలంతా కొక్కేలూ గోనెపట్టాలూ,
తెల్లారుజామున అయిదు నుంచి ఆరు దాకా మా చాపలు.
అదే రాయమన్నాను.
ఇంగ్లీషులో కాస్త పెద్ద భవనంలా కనబడింది.

పద్ధతి:
పద్నాలుగు మంది. బస్తాలు మోసేవాళ్ళు ఎనిమిది,
తొడిమలు తీసే ఆడవాళ్ళు ఆరుగురు.
పన్నెండు వారాలు. నాలుగంకెలు లోపలికి, ఆరంకెలు బయటికి.
"పోల్చడానికి ఇంకో గుంపు ఉందా అంటున్నారక్కా,
కారం గాలి తగలనివాళ్ళు?"
గుంటూర్లోనా, అన్నాను.
నవ్వాం. నవ్వు దగ్గయింది. మంచినీళ్ళు తాగాం.

మాటల లెక్క ఓ మూలన తరుగుతూ ఉంది.
కోటమ్మ మొదటిరోజు కళ్ళు మూయనంది,
మూస్తే వేళ్ళకున్న కారం గుర్తొచ్చి మండుతాయంది.
అది ఎక్కడా పట్టలేదు.
దావూదు శవాసనం పేరుకే జడిసి
పక్కకి తిరిగి పడుకునేవాడు. అదీ పట్టలేదు.
"మధ్యలో మానినవారు ముగ్గురు, కారణం: వలస"
అని మాత్రం పట్టింది.
కిలోకి రూపాయి కోసినందుకు వాళ్ళు
వేరే కోల్డ్‌స్టోరేజీకి పోయారని రాయడానికి గడి లేదు.

ఫలితాలు:
గొట్టంలోకి ఊదితే ముల్లు జరుగుతుంది.
పదకొండు మందికీ కలిపి సగటున ముప్పైనాలుగు పెరిగింది.
ఏసురత్నానికి పదకొండు తగ్గింది.

"ఔట్‌లయర్ అక్కా, తీసేద్దాం.
సగటు ముప్పై ఎనిమిదిన్నర అవుద్ది.
స్టేజీ మీద మాట్లాడనిస్తారు. ఉంచితే పోస్టరే."
దాని వేలు మీట మీద ఉంది.

ఒక్కనాడూ ఆలస్యం కాని మనిషి.
చాపలు దులిపి, కొక్కేలు గోడవైపు తిప్పి పెట్టేవాడు,
ఎవరికీ గుచ్చుకోకుండా.
మొదటివారం నేను "ఒకటీ" అని మొదలెడితే
గది గదంతా బిగుసుకుపోయేది.
సరుకు కొలిచేప్పుడు ఒకటనకూడదమ్మా, అన్నాడు అతనే.
లాభం, అనాలి.
లాభం. రెండు. మూడు. నాలుగు.
ఆ రోజునుంచి అందరూ లాభంతోనే గాలి పీల్చారు.
మొన్న గొట్టం దించి, ముల్లు చూడకుండానే
"నిద్ర పడతందమ్మా" అన్నాడు.
నిద్రకి ముల్లు లేదు.

ఉంచు, అన్నాను.
పోస్టరయితే పోస్టరు. గోడకేగా అంటించేది,
నిలబడి చదివేవాళ్ళు చదువుతారు.

"లాభాన్ని ఏమనాలక్కా? ప్రాఫిట్ అంటే నవ్వుతారు."
ఇంకా ఆరు మాటలకు చోటుంది.
అలాగే కొట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో. అర్థం కాకపోతే అడుగుతారు.
అడగరక్కా, అంది. కొట్టింది.

పదకొండూ యాభై రెండు.
చక్రం తిరిగి తిరిగి ఆగింది.
అందినట్టు ఓ నంబరిచ్చి, దాచుకోమన్నారు.
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.

అయిదింటికి గది తెరవాలి.
తాళంచెవి ఏసురత్నం దగ్గరుంటుంది.